బట్టమేకల బీడు

మా తమ్ముని కర్మంతరం అయిపోయిన మరుసటి పొద్దున వాని కొడుకు నన్ను ఆటోలో కూచోబెట్టుకొని పొలాల మీదికి తీసుకపోయినాడు. ఎందుకురా అంటే, "నాయన పోయే ముందర చెప్పినాడత్తా. మీ అత్త బీడు కాడికి పోయి చానా ఏండ్లయింది, ఒకసారి తీస్కపోయి చూపించు అని" అన్నాడు. నా తమ్ముడు బతికుండగా ఆ మాట నాతో ఒక్కసారి కూడా అనలేదు. నేను ఊరికి వచ్చినప్పుడల్లా తూర్పు దిక్కునే తిరిగి పోతానని, పడమటికి అడుగు పెట్టనని వాడు కనిపెట్టే ఉన్నాడన్నమాట.

తర్లుపాడు నుంచి వచ్చే దారి ఇప్పుడు తారు రోడ్డు. అది దిగి అర మైలు లోపలికి పోయినాక వాడు ఆటో ఆపించి "ఇదేనత్తా" అన్నాడు. నాకు ఆనవాలు దొరకలేదు. కండ్లు పోయినంత దూరం జామాయిలు తోట. బూడిద రంగు మానులు వరసలు కట్టి నిలబడినాయి. కింద గడ్డిపోచ లేదు. రాలిన ఆకులు కాలి కింద కరకరమంటున్నాయి, గాలి నిండా దగ్గుమందు వాసన. ఒక మిడత ఎగరలేదు, ఒక తొండ తల ఎత్తలేదు. "బాగా వస్తాదత్తా, నీళ్ళు కూడా అక్కర్లేదు, కాగితం మిల్లోళ్ళే వచ్చి కొట్టుకపోతారు" అని వాడు చెప్తా ఉంటే నేను తల ఊపినాను. వాని తప్పేముంది, వానికి ఇది తోట. ఇక్కడ ఇంకొకటి ఉండేదని వానికి చెప్పినవాళ్ళు లేరు. చెప్పాల్సినదాన్ని నేనే. ఇంటికి వచ్చినాక మూడో నాడు కూచొని ఇది రాయడం మొదలుపెట్టినాను.

నా చిన్నప్పుడు మా తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. పై ఉత్తరువులన్నీ మద్రాసు నుంచి వచ్చేవి. మద్రాసు ఏ దిక్కున ఉందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు గాని, కిరసనాయిలు రాకపోయినా, చివరికి వాన రాకపోయినా మా అమ్మ "ఆ మద్రాసోళ్ళకేం తెలుసు మన బాధ" అనేది. మాది మట్టి మిద్దె. పొద్దు పొడవకముందే అమ్మ తిరగలి ముందు కూచునేది. జొన్నలు నలిగే ఆ చప్పుడుకే నాకు మెలకువ. పొయ్యిలో కందికట్టె పొగ, దొడ్లోంచి గొర్రెపెంట వాసన, నాయన నములుతున్న వేపపుల్ల వాసన, మూడూ కలిసి వస్తేనే తెల్లారినట్టు. నాయన మాట తక్కువ మనిషి. చేని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కొని, కడుక్కున్న కాళ్ళను మళ్ళా ఒకసారి చూసుకొని, మడమ పగుళ్ళలో ఎర్రమట్టి కనిపిస్తే తిరిగి చెంబు పట్టుకొని పోయేవాడు. ఆ మట్టి ఈ జన్మలో పోదులే అని అమ్మ నవ్వేది.

కాశమ్మత్త మా నాయనకు అక్క. కాపురానికి పోయిన మూడో ఏడే మొగుణ్ణి పాము కరిస్తే, తమ్ముని ఇంటికి తిరిగొచ్చి గొర్రెల వెంట పడింది. వంటింట్లోకి రమ్మంటే రాదు. నలుగురు ఆడవాళ్ళు కూచున్న చోట కూచోదు. నా ఎరుకలో ఆమె ఇంట్లో ఉన్న పగలు లేదు. సంగటి మూట, మజ్జిగ బుర్ర, భుజాన గొంగడి, చేతిలో తుమ్మకట్టె. వాన్లో తడిసి వచ్చిందంటే ఆ గొంగడి వాసనకు మందంతా నట్టింట్లోకి వచ్చినట్టే ఉండేది. అమ్మ సణిగేది. అత్త పట్టించుకునేది కాదు. తింటున్నంతసేపూ పడమటి దిక్కే చూస్తా తినేది, అక్కడేదో పని సగంలో వదిలిపెట్టి వచ్చినట్టు.

ఆ పడమటి దిక్కునే బీడు. బీడంటే ఇప్పటివాళ్ళు పనికిరాని నేల అనుకుంటారు. మాకు అదే సగం బతుకు. మోకాలెత్తు బోదగడ్డి, అక్కడక్కడ రేగుకంపలు, తంగేడు, ఒక పక్కన పలకల గని వాళ్ళు తవ్వి పారేసిన నల్లరాతి గుట్టలు, అన్నిటికీ వెనక నీలంగా నల్లమల. ఒక వాన పడితే చాలు, అడుగు వేస్తే పది మిడతలు లేచేవి. ఆ గడ్డిలో బట్టమేకలు తిరిగేవి. నాలుగేండ్ల పిల్ల అంత ఎత్తుండే పిట్ట. తెల్లటి మెడ, నెత్తిన నల్లటి టోపీ, గోధుమ రంగు వీపు. పంచె తడవకుండా గట్టు మీద నడిచే పెద్దమనిషి మాదిరి ఒక్కొక్క కాలే ఎత్తి పెడతా నడిచేది. వానకాలంలో పోతు గొంతు కింద సంచి ఉబ్బించి, అది గడ్డికి తగిలేటట్టు వేలాడదీసి, తోకను వీపు మీదికి మడిచి నిలబడేది. ఎవరో తెల్లబట్ట ఆరేసి మరిచిపోయినారనుకునేదాన్ని నేను. పెట్ట గూడు కట్టదు. వట్టి నేల మీదే, ఏడాదికి ఒక్కటంటే ఒక్క గుడ్డు. ఆ గుడ్డు ఎక్కడుందో అత్తకు తెలిసేది. అది పొదిగినన్నాళ్ళూ మందను చుట్టు తిప్పి తోలేది. "మేకయినా రెండు ఈనుతాది. దీనికుండేది ఒకటి. అది గూడా మనం తొక్కిచ్చినామంటే ఇంకేముంటాది?" అనేది.

అత్త ఎప్పుడూ వాటికి గింజ వేయలేదు, పిలవలేదు, ముట్టుకోలేదు. వాటి పక్కన తిరిగింది, అంతే. పదిహేనేండ్లు అట్ల తిరిగేసరికి అవి ఆమెను కూడా ఒక గొర్రె కింద లెక్కేసుకున్నాయి. కొత్తమనిషి నాలుగు చేల అవతల కనిపించినా పరుగెత్తే పిట్ట, అత్త పది బారల దూరంలో పోతున్నా తల తిప్పి చూసి మళ్ళీ మిడతల పనిలో పడిపోయేది.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో రామనాథమయ్యవారు మా ఊరి బడికి వచ్చినారు. వారిది గుంటూరు వైపు. భార్య పోయింది, పిల్లలు లేరు. బడి గదిలోనే ఒక మూల కాపురం. ఎసట్లో బియ్యం పోసి కిటికీలోంచి ఏదో చూస్తూ నిలబడిపోయేవారు. అన్నం మాడిన వాసన వస్తే మేమే పరుగెత్తి దించేవాళ్ళం. వచ్చిన వారం రోజులకే నన్ను పిలిచి, "ఓబులమ్మా, ఆ బీట్లో పెద్ద పిట్టలు తిరుగుతున్నాయే, వాటినేమంటారు?" అని అడిగినారు. చెప్పినాను. ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి, గొర్రెలను దొడ్లోకి తోలుతున్న అత్త ముందు నిలబడినారు.

"అమ్మా, ఆ బట్టమేకలు ఎన్ని ఉంటాయి?"

"ఎందుకు? కోసుకొని తినేదానికా?" అన్నది అత్త.

"అయ్యో, నేను మాంసం ముట్టను తల్లీ."

"తినకపోతే మరెందుకు?"

"చూడ్డానికి" అన్నారు.

అత్త ఆయనను కింది నుంచి పైదాకా చూసింది. "చూసేదానికయితే రా. తెల్ల చొక్కా ఏసుకోవాక" అన్నది.

అట్ల రెండు వానకాలాలు మేం ముగ్గురం ఆ రాతిగుట్టల వెనక కూచున్నాం. పొద్దున బడి గంట కొట్టే లోపల, మళ్ళీ సాయంత్రం బడి విడిచినాక. యుద్ధం వల్ల కాగితం దొరకడం గగనంగా ఉండేది. అయ్యవారు గనికాడ పారేసిన పగిలిన పలకలు ఏరుకొచ్చి వాటి మీద మేకుతో గీకి రాసేవారు. బలపంతో రాస్తే చెరిగిపోతాదని. పెట్ట ఎన్నిసార్లు గుడ్డు విడిచి లేచింది, ఎంతసేపటికి తిరిగి వచ్చింది, ఏమేం తిన్నది. ఆయనకు చూపు సరిగా ఆనేది కాదు, అత్తకు రాయడం రాదు. అందుకని అత్త చెప్పేది, ఆయన అడిగేవారు, నేను రాసేదాన్ని. ఒకనాడు ఆయన "గుడ్డుకి పోతు కాపలా కాస్తుంది" అని రాయమంటే అత్త నవ్వింది. "పోతుకు అదేం పట్టదయ్యా. అంతా ఆడదే పడతాది" అన్నది. అయ్యవారు ఆ పలక నా చేతిలోంచి తీసుకొని తానే కొట్టివేసినారు. తనకన్నా అత్తకు ఎక్కువ తెలుసని ఒప్పుకోవడానికి ఆయన ఎప్పుడూ సిగ్గుపడలేదు. మా ఇంటి చరిత్రలో అత్తను ఏదైనా అడిగి తెలుసుకున్న మొదటి మగవాడు ఆయనే.

నన్ను నాలుగో తరగతితో మానిపించాలని అమ్మ పట్టుబట్టిన ఏడు కూడా ఆయనే అడ్డం పడినారు. మా అరుగు మీద కూచొని, "ఈ పిల్ల చేతిరాత చూశారా?" అని ఒక పలక నాయన చేతికిచ్చినారు. నాయనకు చదువు రాదు. ఆ పలకను అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుండాది" అన్నాడు. అంతే, నా చదువు నిలబడింది.

మొదటి ఏడు పదకొండు పిట్టలు తేలినాయి. రెండో ఏడు ఏడే. బీడు అంచున కొత్తగా వేరుశనగ దుక్కులు పడినాయి. రైలు దిగి తుపాకులు భుజాన వేసుకొని వచ్చేవాళ్ళు తర్లుపాడు వైపు కనిపిస్తున్నారని గొర్రెలకాపర్లు చెప్పుకొనేవాళ్ళు. అయ్యవారికి దిగులు పట్టుకుంది. ఈ బీట్లో తుపాకి పేల్చకూడదని ఉత్తరువు వేయించాలని మద్రాసుకు రాసినారు. పక్షుల శాస్త్రం తెలిసిన ఒక పెద్దాయన అక్కడ ఉన్నారట, ఆయన మాట చెల్లుతుందట. ఒక ఉత్తరం, రెండు, మూడు. చివరికి జవాబు వచ్చింది. అయ్యవారు దాన్ని తెలుగు చేసి మాకు వినిపించినారు. మీ ప్రాంతంలో ఆ జాతి ఇప్పుడు లేదు, మీరు వేరే పిట్టను చూసి పొరబడి ఉంటారు, ఉందంటే తోలు గాని గుడ్డు గాని రుజువుగా పంపండి.

"రుజువు కావాలంటే వాళ్ళనే రమ్మను. రైలుండాది కదా" అన్నది అత్త.

"రారు కాశమ్మా. ఇంత దూరం ఎవరూ రారు. ఒక్క గుడ్డు పంపితే ఉత్తరువు వస్తుంది. ఒకటి పోతే పోయింది, మిగతావన్నీ బతుకుతాయి."

"ఆ ఒకటి నీ బిడ్డ అయితే?"

అయ్యవారు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి అత్త ఆయనను బీటికి రానివ్వలేదు. ఆ ఏడు వానలు వెనకబడి, మాకు తెలిసి ఒక్క పెట్టే గుడ్డు పెట్టింది. అది ఎక్కడుందో అత్తకు తెలుసు. అత్త వెంట తిరిగే నాకు తెలుసు.

ఒక శనివారం మధ్యాహ్నం బడి విడిచినాక అయ్యవారు నన్ను ఆపినారు. "నీకు తెలుసు కదూ?" అన్నారు. అంతకన్న ఏమీ అనలేదు. బెదిరించలేదు, బతిమాలలేదు. నా చదువు నిలబెట్టిన మనిషి. ఆయన చెప్పేది మంచికే అని నేను నిజంగా నమ్మినాను. అత్త మొండిదని కూడా అనుకున్నాను, అది దాచి ప్రయోజనం లేదు. మంద గుండ్లకమ్మ ఏటి వైపు పోయిందని చూసుకొని ఆయనను తీసుకపోయినాను.

పెట్ట మమ్మల్ని చూసి లేచింది. రెక్కలు చాపి బుస్సుమన్నది. మేం ఆగలేదు. వెనక్కి వెనక్కి అడుగులు వేసుకుంటా పోయి, ఇరవై బారల దూరంలో నిలబడి చూడడం మొదలుపెట్టింది. గుడ్డు పచ్చి రేగుకాయ రంగులో లేదు, మట్టి రంగులోనూ లేదు, రెండిటికీ నడిమధ్య ఏదో మాసిన రంగు. అయ్యవారు వంగి రెండు చేతులతో ఎత్తినారు. "వెచ్చగా ఉంది" అన్నారు. ఆ మాట నాతో అన్నట్టు లేదు. బడికి వచ్చినాక సూదితో చిన్న బెజ్జం పెట్టి లోపలిదంతా గిన్నెలోకి దించబోయినారు. పచ్చసొన రాలేదు. అప్పటికే లోపల కన్నూ ముక్కూ ఏర్పడినాయి. అయ్యవారు గిన్నె కింద పెట్టి, గోడ పక్కకు పోయి వాంతి చేసుకున్నారు. తిరిగి వచ్చి నా ముఖం చూడకుండా "నువ్వు ఇంటికి పో తల్లీ" అన్నారు. మరునాడు దూదిలో చుట్టిన ఆ పెంకు చెక్కపెట్టెలో తర్లుపాడు టేషనుకు పోయింది.

అత్తకు ఎవరూ చెప్పలేదు. ఆ పొద్దు గూకినాక, గుడ్డు లేని చోటు చూసుకొని ఇంటికి వచ్చి, సంగటి ముందర కూచొని, నన్ను చూసి "నువ్వేనా?" అన్నది. నేను తల దించుకున్నాను. అత్త తిట్టలేదు, కొట్టలేదు. చెయ్యి కడుక్కొని లేచిపోయింది. మూడు రోజులు ఆ పెట్ట ఆ ఉత్త నేల మీదికి వచ్చి నిలబడేదట, కూచునేదట, లేచి తిరిగేదట. నాలుగో నాడు రాలేదు. ఆ నాలుగో నాడే అత్త ఇంట్లో ముద్ద ముట్టింది. అయ్యవారితో మాత్రం మాట మానేసింది. ఆయన ఎదురొస్తే మందను పక్కకు తిప్పుకొని పోయేది.

కొన్ని నెలలకు మద్రాసు నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది, దాంతో పాటు వాళ్ళ పత్రికలోని ఒక అచ్చు కాగితం. అందులో అయ్యవారి పేరు, మా ఊరి పేరు ఇంగ్లీషులో ఉన్నాయి. అయ్యవారు వేలు పెట్టి చూపిస్తే మేమంతా ఒకరి మీద ఒకరు పడి చూసినాం. ఆయన ముఖంలో అంత సంతోషం నేను అంతకు ముందు చూడలేదు. ఇంక ఉత్తరువు వస్తుంది అన్నారు. ఉత్తరువు రాలేదు. ఆ వచ్చే వానకాలం ఒక మోటారు కారు వచ్చింది.

ఎవరో పెద్ద దొర, ఆయనతో ఇద్దరు అతిథులు, డేరాలు, వంటవాళ్ళు. ఊరి మునసబు ఆ దొర గుమాస్తాను వెంటబెట్టుకొని నేరుగా బడికే వచ్చినాడు. గుమాస్తా చేతిలో ఆ అచ్చు కాగితమే ఉంది. మేం బల్లల కింద కాళ్ళు ముడుచుకొని చూస్తా ఉన్నాం.

"ఇది రాసింది నువ్వేనా?"

"నేనేనండి."

"ఆ పిట్టలుండే చోటు చూపించాలి. దొరగారు వేటకు వచ్చినారు."

అయ్యవారు లేచి నిలబడినారు. "అవి ఇప్పుడు లేవండి. వెళ్ళిపోయాయి."

"ఉన్నాయని నువ్వే రాస్తివే. అచ్చులో ఉండాది."

"పొరపాటున రాశాను. నా చూపు మంచిది కాదు. అవి వేరే పిట్టలు" అన్నారు అయ్యవారు. రెండేండ్లు మేకుతో గీకి గీకి రాసిన పలకలన్నీ ఆయన వెనక గోడకు ఆనించి ఉన్నాయి. గుమాస్తా వాటి వైపు చూడను కూడా లేదు. "సరేలే, రేపు తెల్లారి మేమే చూసుకుంటాం" అని వెళ్ళిపోయినాడు.

ఆ సాయంత్రం అయ్యవారు మా గడప బయట నిలబడినారు. లోపలికి రాలేదు. "కాశమ్మా, రేపు పొద్దున వస్తున్నారు. తుపాకులు ఉన్నాయి" అన్నారు. అత్త నములుతున్న పొగాకు ఉమ్మేసింది. ఆ తరవాత ఆయనతో కాదు, నాతో అన్నది, "ఓబులూ, పందుల్ని తోలే తప్పెట యాడుండాది?"

తెల్లవారే వేళకు మేం బీట్లో ఉన్నాం. అత్త, నేను, పిలవకుండానే వెంట వచ్చిన నాయన. దూరం నుంచి గణగణమని శబ్దం వస్తే తిరిగి చూసినాం. అయ్యవారు బడి గంట చేత్తో పట్టుకొని వాయించుకుంటా, పంచె ఎగ్గట్టి, రేగుకంపల మీద పడుతూ లేస్తూ వస్తున్నారు. ఆయన గంటకు, మా తప్పెటకు పిట్టలు బెదిరి పరుగెత్తినాయి గాని లేవలేదు. పరుగెత్తి పరుగెత్తి ఎక్కడికి పోయినాయంటే, అత్త దగ్గరికి పోయినాయి. ఎప్పుడూ కీడు జరగని చోటు అదొక్కటే అని వాటికి తెలుసు కాబట్టి. ఆమె నిలబడిన పక్కనే గడ్డిలో అణిగినాయి.

అత్త తప్పెట నేలకేసి కొట్టింది. "పోండే! పోండి! ముండల్లారా, పోండి!" అని అరిచింది. ఆమె గొంతు అంత పెద్దగా లేవడం ఎవరమూ వినలేదు. అవి తల ఎత్తి చూసినాయి, కదలలేదు. అత్త వంగి రాయి తీసుకున్నది. మొదటిది పక్కన పడింది. రెండోది ఒక పెట్ట వీపుకు తగిలింది. ఆ పెట్ట అత్త వైపు తిరిగి ఒక్క క్షణం చూసింది. నేను అది చూసినాను, ఇన్నేండ్లకూ అది నా కండ్ల ముందు నుంచి పోలేదు. మూడో రాయికి అవి రెక్కలు విప్పినాయి. అంత బరువు పిట్ట లేవాలంటే చాలాదూరం పరుగెత్తాల. లేచినాయి. ఐదు. నల్లమల వైపు పోతా పోతా చిన్నవైపోయినాయి. అత్త ఇంకా రాళ్ళు విసురుతానే ఉండింది, ఉత్త ఆకాశం మీదికి. నాయన పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

రెండు పోతులు గని గుట్టల అవతల ఉండిపోయినాయి. వాటిని మేం చేరుకోలేకపోయినాం. కారు ఆగిన చప్పుడు, కొంచెంసేపటికి రెండు తూటాల చప్పుడు వచ్చింది. నౌకరు వాటిని కాళ్ళు పట్టుకొని మా ముందు నుంచే మోసుకపోయినాడు. తెల్లటి మెడలు ఎర్రమట్టిలో ఈడ్చుకుంటా పోయినాయి. దొర మనుషులు మా మీద మండిపడినారు. నాయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకొని నిలబడి, "గొర్రెలను మేపుకొనేదానికి పోయినాము దొరా" అన్న ఒక్క మాటే నాలుగుసార్లు అన్నాడు. రెండు పొట్టేళ్ళను డేరాల వంటకు తోలుకపోయినారు. ఇంటికి వచ్చినాక నాయన అక్కను ఒక్క మాట అనలేదు. చెంబు తీసుకొని కాళ్ళు కడుక్కున్నాడు.

ఆ ఐదూ మళ్ళీ రాలేదు. అత్త వాటిని కాపాడిందో, శాశ్వతంగా వెళ్ళగొట్టిందో, రెండూ ఒకటేనో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. అయ్యవారు బదిలీ అడిగి తీసుకొని గిద్దలూరు వైపు వెళ్ళిపోయినారు. పలకలు మా ఇంట్లో వదిలిపెట్టినారు. అమ్మ వాటిని మజ్జిగ కుండల మీద మూతలు పెట్టుకుంది. కడిగినప్పుడల్లా కొన్ని అక్షరాలు పలచబడేవి. ఇప్పుడు ఒక పిట్టను కాపాడాలంటే చట్టాలున్నాయి, జీతానికి కాపలా కాసేవాళ్ళున్నారు, దూరం నుంచి ఫొటోలు తీసే కెమెరాలున్నాయి. గుడ్డు పంపి రుజువు చేసుకోనక్కరలేదు. అవన్నీ మంచివే. కాని అవి వచ్చే నాటికి మా బీట్లో చూడవలసినది ఏదీ మిగల్లేదు. అప్పుడు మాకు ఉండినదల్లా ఒక గొర్రెలు కాసే ఆడమనిషి, చూపు ఆనని ఒక పంతులు, ఒక పదేండ్ల పిల్ల. పిట్టలు మాత్రం ఉండినాయి.

నేను టీచరు ట్రైనింగు అయి కురిచేడులో పని చేస్తున్న రోజుల్లో, మనం మద్రాసు నుంచి విడిపోయిన తరవాత, అయ్యవారికి చూపు పూర్తిగా పోయిందని, గిద్దలూరులో తమ్ముని ఇంట్లో ఉన్నారని తెలిసింది. పోతున్నానని ఊరికి వచ్చి చెప్తే, "నేనూ వస్తా" అన్నది అత్త. పన్నెండేండ్లుగా ఆయన పేరు ఎత్తని మనిషి. రైల్లో దారి పొడుగునా కిటికీలోంచి చూస్తా కూచుంది.

అయ్యవారు వసారాలో నులక మంచం మీద ఉన్నారు. నా గొంతు గుర్తుపట్టి తల నిమిరినారు. నా పక్కన ఎవరో ఉన్నారని తెలిసి, "కాశమ్మేనా?" అన్నారు. "ఊ" అన్నది అత్త. ఎండ వసారాలో సగం దాకా వచ్చి ఉంది. చివరికి ఆయనే అడిగినారు.

"మళ్ళీ వచ్చాయా?"

వచ్చినాయని చెప్పడానికి నేను నోరు తెరిచినాను. పోయే ముందర ఒక మంచి మాట వింటే తప్పేమి అనుకున్నాను. అత్త నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"రాలేదయ్యా. ప్రతి ఏడూ వానలకు పోయి చూస్తానే ఉండా. రాలేదు."

అయ్యవారు తల ఊపినారు. "నాకు తెలుసు. అందరూ వచ్చాయనే చెబుతారు. నువ్వొక్కదానివే నిజం చెబుతావని..." అని ఆగిపోయినారు. చూపు లేని కండ్లల్లో నీళ్ళు మాత్రం ఉన్నాయి. "కాశమ్మా, ఆ గుడ్డు నేను తీయకుండా ఉండవలసింది."

"రాయి నేను ఏసినా కదా" అన్నది అత్త.

తరవాత ఆమె చేసిన పని నేను ఊహించలేదు. మంచం పట్టె మీద చెయ్యి ఆనించి, గడ్డం గొంతుకు అదుముకొని, నోరు మూసుకొనే ఒక శబ్దం తీసింది. పోతు సంచి ఉబ్బించినప్పుడు తీసే శబ్దం. అది కూత కాదు. లోతు బావిలో ఎవరో ఒక్కసారి మూలిగినట్టు ఉంటుంది, చెవికన్న ముందు రొమ్ముకు తగులుతుంది. నేను అది విని పన్నెండేండ్లయింది. వంటింట్లోంచి అయ్యవారి మరదలు బెదిరిపోయి పరుగెత్తుకొచ్చింది. అయ్యవారు చెయ్యి ఎత్తి ఆమెను ఆపినారు. "ఇంకొకసారి" అన్నారు. అత్త ఇంకొకసారి తీసింది. ఆయన మంచం మీద నిటారుగా కూచొని, రాతిగుట్టల వెనక కూచున్నప్పటి మాదిరే, ఊపిరి బిగబట్టి విన్నారు.

ఆ ఏడు దాటకముందే అయ్యవారు పోయినారు. మరో రెండేండ్లకు అత్త పోయింది. నేను ముప్పై ఏండ్లు బళ్ళలో పాఠాలు చెప్పినాను. పక్షుల పాఠంలో ఆ పిట్ట బొమ్మ వచ్చేది, ఆ కింద అరుదైన పక్షి అని రెండు మాటలు. ఒక ఏడు ముందు బెంచీలో ఒక పిల్ల లేచి, "ఎట్ల అరుస్తాది టీచర్?" అని అడిగింది. గడ్డం గొంతుకు అదుముకొని, నోరు మూసుకొని, చేతనైన మటుకు ప్రయత్నం చేసినాను. పిల్లలంతా గొల్లున నవ్వినారు. నేనూ నవ్వి, తరువాతి పాఠం తీయమన్నాను.